ముందు కర్ర

కర్రసాము నేర్చుకోవడానికి గురువు అక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు అనుకున్నదాన్ని మా ఊళ్ళో నేనొక్కదాన్నే. అనుకోవడమే కాదు, నేర్చుకున్నాను కూడా. ఇప్పటికీ ఎవరైనా నా కుడిచేతి వంక చూసి "ఫోన్లో చూసి నేర్చుకుంటే ఇట్టాగే ఉంటది" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అయినా నోరు మూసుకుంటాను. సాజిదా నోరు మూసుకుందంటే మా అమ్మే నమ్మదు, మీరేం నమ్ముతారు!

మాది పర్చూరు అవతల చిన్న ఊరు. దూదేకుల ఇల్లు మాది. పరుపులు కుట్టి అమ్ముతాం. మా నాన్న బుడే. ఏడాదంతా పరుపుల బుడే, మొహర్రం నెల వచ్చిందంటే కర్ర బుడే. మా ఊళ్ళో ఊరేగింపుకి పెద్ద పీరు చావిడి గడప దాటాలంటే ముందు గుమ్మం ఎదురుగా రెండు కర్రలు ఆడాలి. దాన్ని ముందు కర్ర అంటారు. ఒక కర్ర మా ఇంటిది, రెండోది చర్చి వెనక ఉండే ఆదాం మామ ఇంటిది. తాతల నాటి నుంచి అదే జోడీ. సాయిబు ఒకడు, కిరస్తానీ ఒకడు ఎందుకని అడిగితే "అదంతే" అంటారు గానీ ఎవరూ సరిగ్గా చెప్పరు. కట్టుబాటు మాత్రం గట్టిది. ఒక ఇంటి కర్ర లేవకపోతే రెండో ఇల్లు కూడా దించేయాల్సిందే.

మిరపకాయలు ఇంకా కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, నాన్న పరుపులో దూది కూరుతూ కూరుతూ ఆ దూదిలోకే పక్కకి ఒరిగిపోయాడు. నిద్రపోయాడేమో అనుకుని నేను నవ్వాను కూడా. నోరు వంకరపోయి ఉంది. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. గుంటూరు తీసికెళ్ళి తీసుకొచ్చాం. ఎడం చెయ్యి, కళ్ళు, అంతే మిగిలాయి ఆయనకి.

ఇంటికి తెచ్చిన నాలుగో నాడో ఐదో నాడో ఆదాం మామ వచ్చాడు. కోల్డు స్టోరేజీలో వాచ్‌మన్, ఆ ఖాకీ చొక్కాతోనే వచ్చి నాన్న మంచం పట్టె మీద కూచున్నాడు. వయసులో ఇద్దరూ ఈడుజోడే. కాసేపు నాన్న చెయ్యి నిమిరి "ఇంక నేనూ దించేస్తాలేరా బుడే" అన్నాడు. నాన్న కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి.

అప్పుడే వచ్చిన, చావిడిలో పీర్లని చూసుకునే ముజావరు హుస్సేన్ సాహెబ్ కూడా మెల్లగా అమ్మతో అదే మాట ఎత్తాడు. "ఏం చేస్తాం మస్తాన్‌బీ, అల్లా రాత. మా అన్న కొడుకు ఇలియాస్ దగ్గర కుర్రాళ్ళున్నారు. డీజే పెడతారంట, లైట్లు పెడతారంట. ముందు కర్ర ఈసారి వాళ్ళకిచ్చేస్తే..."

"మా ఇంటి కర్ర నేను పడతా" అన్నాను.

అమ్మ చేతిలో టీ గ్లాసు ఒలికింది. "దీని నోరు పడిపోను!"

"నీకొచ్చా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"పండక్కి వస్తుంది."

ఆయన నవ్వి "సరే, పండగ నాటికి ఆదాం నీతో జోడీ కట్టడానికి ఒప్పుకుంటే నాకేం" అన్నాడు. ఒప్పుకోడనే ధీమా. నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూడట్లేదు, ఆదాం మామ మొహంలోకి చూస్తున్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా వైపు తిరిగి తలూపితే చాలు, పండగ దాకా అన్నం లేకుండానైనా ఉంటాననిపించింది. అంత ఆశ నాకు.

ఇంక చూడండి నా తిప్పలు. ఊళ్ళో వాళ్ళ ఫోన్లన్నీ గాలించి ఏడాదేడాదికీ తీసిన మొహర్రం వీడియోలన్నీ నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను. మా కొట్టుకీ పక్కనున్న ఎరువుల గోడౌనుకీ మధ్య ఒక సందుంది, రెండు పరుపులు పక్కపక్కన పట్టనంత సన్నటిది. అమ్మ పెట్టిన షరతు అది: నడిబజారులో కర్ర తిప్పితే కాళ్ళిరగ్గొడతానంది, ఆ సందులో అయితే ఊరి కళ్ళు పడవంది. అక్కడ దూది బోరెం మీద ఫోను ఆనించి మొదలుపెట్టాను. వీడియోలో నాన్న నా ఎదురుగా ఉంటాడు గదా, ఆయన కుడి నాకు ఎడమయ్యేది. కర్ర ఎటు తిప్పాలో తెలిసేది కాదు, తిక్క లేచిపోయేది. చివరికి ఇంట్లోకొచ్చి బీరువాకి ఎదురుగా ఫోను పెట్టి, అద్దంలో పడే నాన్నని చూసి తిప్పడం మొదలుపెట్టాను. అప్పుడు కుదిరింది. అమ్మ చీర తీసుకుందామని బీరువా తలుపు తెరిస్తే నాన్న మాయమయ్యేవాడు. "మూసెయ్యవే తల్లీ, కర్ర వాటు మధ్యలో ఉన్నా" అని నేను అరిచేదాన్ని.

మొదటి వారం నా చెవి నేనే పగలగొట్టుకున్నాను. రెండో వారం బయట కట్టిన బల్బు పగిలింది, ఆ తర్వాత నీళ్ళ కుండ. దూది కొట్టి కొట్టి నా భుజాలు ముందే గట్టివి, బలానికి లోటు లేదు. కష్టమంతా ఆపడంలోనే. పరుపు మీద పడే దెబ్బ దిగేదాకా దిగాలి, కర్రసాములో దెబ్బ మనిషికి బెత్తెడు దూరంలో ఆగాలి. దిండొకటి తాడుకి వేలాడగట్టి, దానికి తగలకుండా ఆపడం నేర్చుకున్నాను. ఎన్ని దిండ్లు చిరిగి దూది పోసుకున్నాయో! అమ్మ తిట్టుకుంటూ కుట్టేది.

ఒక సంగతి మాత్రం నాకు నచ్చేది కాదు. ఈ మధ్య నాలుగైదేళ్ళ వీడియోల్లో నాన్న అడుగులు అదోలా ఉండేవి. చెయ్యి బ్రహ్మాండం, కాళ్ళు మాత్రం అడ్డదిడ్డం. ఆదాం మామ ఎటు తిరిగితే అటు పీతలా పక్కకి జరుక్కుంటూ పోయేవాడు. వయసైపోయింది పాపం అనుకున్నాను. ఆ అడుగులు వదిలేసి, యూట్యూబులో ఎవరో అమ్మాయి తిరిగిన అందమైన తిరుగుడు పట్టుకున్నాను. ఎదుటివాడి చుట్టూ గిర్రున తిరిగొచ్చి కర్ర భుజం దగ్గర ఆపడం. సందులో తిరగడానికి చోటు లేదు, అందుకని చీకటి పడకముందే మా డాబా మీదికెక్కి ఒక్కదాన్నే చేసేదాన్ని.

ఒక ఆదివారం చర్చి విడిచాక ఆదాం మామ, ఆయన భార్య ఆదెమ్మత్త తెల్లబట్టల్లో మా ఇంటి మీదుగా వెళ్తూ సందులోకి తొంగిచూశారు. నేను చూసుకోలేదు. దిండు ముందు బెత్తెడు దూరంలో కర్ర టక్కున ఆగింది.

"ఏవమ్మాయ్, ఎవరు నేర్పారే నీకు?"

"నాన్న" అన్నాను ఫోను చూపించి.

ఆదాం మామ ఇంటికెళ్ళి కర్ర తెచ్చుకున్నాడు. వెదురు కర్ర, నూనె తాగి నల్లబడి ఉంది. ఆ సందులో ఎదురెదురుగా నిలబడి ఆడాం. నేను కొట్టింది ఆయన ఆపాడు, ఆయన కొట్టింది నేను ఆపాను. టక్, టక్, టక్ అని ఆ చప్పుడు మొదటిసారి వింటుంటే ఒళ్ళంతా పులకరించిపోయింది. ఆదెమ్మత్త ముక్కు మీద వేలేసుకుని "అచ్చం బుడేనే దించింది గదండీ" అంది.

అప్పుడు లోపల్నించి ధడేలుమని చప్పుడు. పరిగెత్తి చూస్తే నాన్న కిటికీ పక్క మంచం మీద పడుకునున్నవాడు ఎడం చేత్తో మందుల సీసాలన్నీ తోసేశాడు. "ఊ... ఊ..." అని ఒకటే అరుపు. మొహం ఎర్రగా కందిపోయింది. ఆదాం మామ వైపు, నా వైపు చెయ్యి ఊపుతున్నాడు.

"ఆడపిల్లవి నీకొద్దంటున్నాడే. ఇంకనైనా మానెయ్" అంది అమ్మ.

నాకు దుఃఖం, కోపం కలిసి తన్నుకొచ్చాయి. "నేను పట్టుకుంటే నీ కర్ర విరిగిపోద్దా నాన్నా? కొడుకైతే ఇట్టాగే అరిచేవాడివా?" అని గట్టిగా అడిగేశాను. ఆయన ఇంకా అరిచాడు, తర్వాత ఏడ్చేశాడు. పక్షవాతం వచ్చినవాళ్ళు ఊరికే ఏడుస్తారని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు గదా, సరే అనుకున్నాం. మేం కర్రలెత్తిన ప్రతిసారీ అదే గొడవ. అమ్మ కిటికీ మూసేసేది.

తొలకరి పడి చేలల్లో పత్తి గింజలు వేసే రోజుల్లో వచ్చింది పండగ. ఆఖరి రోజు మధ్యాహ్నం, కొత్త లంగావోణీ బిగించి కట్టుకుని, నాన్న దగ్గరికెళ్ళి ఆయన కర్ర ఆయన ఎడం చేతిలో పెట్టాను, దీవించి ఇస్తాడని. పట్టుకున్నాడు. తిరిగివ్వలేదు! కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తూ, ఆ ఒక్క చేత్తో ఎంత బలంగా పట్టుకున్నాడంటే నేను రెండు చేతులా లాగాల్సొచ్చింది. గుంజుకుని బయటికొచ్చేశాను. వెనక నుంచి ఆయన అరుపు చావిడి మలుపు దాకా వినపడుతూనే ఉంది.

చావిడి ముందు జనం కిక్కిరిసిపోయారు. ఊదు పొగ, డప్పులు, గోడల మీద పిల్లకాయలు, ఫోన్లు పైకెత్తిన చేతులు. గుమ్మం లోపల పెద్ద పీరుని ఎత్తుకుని మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఇలియాస్ వాళ్ళ జట్టు ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, ఎప్పుడు తప్పుతానా అని. నేను, ఆదాం మామ చావిడికి దణ్ణం పెట్టి కర్రలు తాకించాం.

మొదట్లో ఎదురెదురుగా సందులో ఆడినట్టే ఆడాం. ఒక్క వాటు తప్పలేదు. ఈలలు మోగిపోయాయి. హుస్సేన్ సాహెబ్ గడ్డం నిమురుకుంటూ తలూపడం నా కంటపడింది. ఇంక నాకు ఆగుద్దా? ఇంత చోటుంది, ఇంత మంది చూస్తున్నారు. కర్ర నెత్తి మీద తిప్పుతూ ఆదాం మామ ఎడం పక్కకి గిర్రున తిరిగొచ్చి, ఆయన భుజం దగ్గర కర్ర ఆపి నిలబడ్డాను. జనం ఓ అని అరిచారు.

ఆదాం మామ నావైపు తిరగలేదు.

నేనింతకుముందు ఉన్న చోటికే కొడుతున్నాడు. ఒకటి, ఇంకొకటి. ఖాళీ గాలిలోకి. నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను, నవ్వబోయాను. అప్పుడాయన కర్ర కొంచెం దించి, డప్పుల్లో ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

"అమ్మాయ్, ఎక్కడున్నావ్?"

నేనాయన మోచెయ్యి పక్కనే ఉన్నాను. నా ఓణీ కొంగు ఆయన చొక్కాకి తగులుతోంది. నా కర్ర దానంతటది కిందికి వాలిపోయింది.

"ఇక్కడే మామా" అన్నాను.

నా గొంతు పక్కనుంచి వినపడేసరికి ఉలిక్కిపడి, కర్రతో సహా ఒక్కసారిగా నావైపు తిరిగాడు. ఆ కర్ర నా కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నొప్పి తర్వాతొచ్చింది.

డప్పులు ఆగిపోయాయి. "అయ్యో అయ్యో" అని ఆడవాళ్ళ కేకలు. "నే ముందే చెప్పా, ఫోన్లో చూసి నేర్చుకునేదా ఇది?" అని ఇలియాస్ గొంతు. హుస్సేన్ సాహెబ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందిరా ఆదాం? ఎవరు తప్పారు?"

ఆదాం మామ కింద పడిన నా కర్ర కోసం వంగి వెతుకుతున్నాడు. అది ఆయన పాదం పక్కనే ఉంది. ఆయన చెయ్యి దాని పక్కనుంచి పోయి మట్టిని తడుముతోంది. అది చూశాక నా నోట్లోంచి ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు.

"నేనే అడుగు తప్పాను" అన్నాను.

పీరు ఆగకూడదు గదా. ఇలియాస్ వాళ్ళ కుర్రాళ్ళు కర్రలతో ముందుకి దూకారు. నన్ను ఆటో ఎక్కిస్తుండగానే మా ఇంటి కర్ర లేకుండా పెద్ద పీరు గడప దాటింది.

చీరాల్లో ఎముకల డాక్టరు దగ్గరికి అమ్మ, నేను, ఆదెమ్మత్త, ఆదాం మామ వెళ్ళాం. ఆయన దారంతా నా చెయ్యి వంక చూసి "నేనెందుకు చూసుకోలేదు, నేనెందుకు చూసుకోలేదు" అని ఒకటే గొణుగుడు. ఆసుపత్రి వరండాలో నర్సు ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి ఆయన పక్కన నిలబడి "పెద్దాయనా, ఇదిగో" అని చాచింది. ఆయన ముందుకే చూస్తున్నాడు. "ఇదిగో అంటుంటే!" అని ఆమె విసుక్కుంది. ఆయన తల మొత్తం తిప్పి, అప్పుడు చూసి, గబుక్కున అందుకున్నాడు. లోపల నాకు కట్టు కడుతున్న డాక్టరు తలుపులోంచి ఇదంతా చూశాడు. ఆదాం మామని కూచోబెట్టి, "నా ముక్కు వైపే చూడు" అని, చెవి పక్కనుంచి వేలు ఆడిస్తూ ముందుకి తెచ్చాడు. "కనపడితే చెప్పు" అన్నాడు. ఆ వేలు దాదాపు ముక్కు దగ్గరికొచ్చేదాకా ఆదాం మామ మాట్లాడలేదు.

"గుంటూరెళ్ళి కళ్ళు చూపించుకో. ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు డాక్టరు.

"నాకు కళ్ళు బానే ఉన్నాయండి. పేపరు చదువుతాను" అన్నాడు ఆదాం మామ తెల్లబోయి.

మర్నాడు పొద్దున్నే చావిడి ముందు జరిగింది అమ్మకి చెప్పుకుంటూ, అంత దగ్గరున్న మనిషిని చూడలేకపోయాడే అని నేను ఆశ్చర్యపోతుంటే, అమ్మ బియ్యం ఏరుతూ ఏరుతూ చాలా మామూలుగా అంది. "అదా, మీ నాన్న ఎప్పుడో అన్నాడుగా. ఆదాంకి ఈ మధ్య పక్కన కనపట్లేదే, చెప్తే చిన్నబుచ్చుకుంటాడు, నేనే ఎదురుగా ఉండేటట్టు చూసుకుంటన్నా అని."

"ఎప్పుడన్నాడే?"

"నాలుగైదేళ్ళవుద్దేమో. మాటవరసకి అన్నాడనుకున్నా."

"నాకు చెప్పాలని తెలీదా నీకు?"

"నాకేం తెలుసే, కర్రలో ఇదంతా ఉంటదని!" అని అమ్మ బావురుమంది.

నేను ఎడం చేత్తో ఫోను తీశాను. మళ్ళీ ఆ వీడియోలే. ఈసారి నాన్న చేతుల వైపు చూడలేదు, కాళ్ళ వైపు చూశాను. ఆదాం మామ కొంచెం తిరగ్గానే నాన్న పక్కకి గెంతి మళ్ళీ ఎదురుగా వచ్చేవాడు. ఆదాం మామ కర్ర తప్పుగా ఎటో పోతుంటే దానికి అడ్డంగా తన కర్ర పెట్టి టక్కుమనిపించేవాడు. చూసేవాళ్ళకి అది ఆదాం మామ కొట్టిన దెబ్బ, నాన్న ఆపిన దెబ్బ. నిజానికి నాన్నే పోయి ఆ దెబ్బని అందుకునేవాడు. నేను అడ్డదిడ్డం అనుకున్న అడుగులవి. మంచం మీద ఆ అరుపులు, సీసాలు తోసెయ్యడం, కర్ర వదలకపోవడం, అన్నీ ఒక్కసారి నెత్తి మీద పడ్డాయి. వద్దన్నది నన్ను కాదు. పక్కకి పోవద్దంటున్నాడు. నేనేమో కొడుకైతే అరిచేవాడివా అని అడిగాను!

ఆ వారంలోనే ఆదాం మామని గుంటూరు తీసికెళ్ళాను. ఆదెమ్మత్తకి జ్వరమొస్తే నేనే తోడెళ్ళాను, మెడలో చెయ్యి వేలాడేసుకుని. కంట్లో చుక్కలు వేశారు, డబ్బాలాంటి మిషన్లో గడ్డం పెట్టించి "వెలుగు కనపడినప్పుడల్లా నొక్కండి" అన్నారు. పక్కన కూచున్న నాకు ఆయన వేలు కనపడుతోంది. ఎంతకీ నొక్కడే! తర్వాత డాక్టరమ్మ కాగితం చూపించింది. చుట్టూ నలుపు, మధ్యలో కాస్త తెలుపు.

"నీటికాసులు అంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి పక్క చూపుని కొంచెం కొంచెంగా తినేస్తుంది. నొప్పి ఉండదు, అందుకే తెలియదు. పోయింది తిరిగి రాదు. మిగిలింది నిలబడాలంటే జీవితాంతం చుక్కలు వేసుకోవాలి. మొదట్లోనే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"మొదట్లో ఎట్టా తెలుస్తుందండీ?" అన్నాను.

"తగులుకుంటారు, గుద్దుకుంటారు. పక్కనుంచి వచ్చేవి చూసుకోరు. అప్పుడు అనుమానమొచ్చి వస్తారు. ఏం పెద్దాయనా, ఈ నాలుగైదేళ్ళలో పక్కనుంచి ఏదీ తగల్లేదా నీకు?"

ఆదాం మామ నవ్వాడు. "నేను కర్రసాము ఆడేవాణ్ణమ్మా. పక్కన కనపడకపోతే పక్కనుంచే గదా కర్ర తగిలేది? ఈ నాలుగైదేళ్ళలో ఒక్క దెబ్బ కూడా..."

అక్కడ ఆగిపోయాడు. డాక్టరమ్మ తర్వాత పేషంటుని పిలిచింది. నేను భుజం పట్టి లేపితే లేచాడు.

"బుడే" అన్నాడు బయటికొచ్చాక. అంతే.

బస్సులో నాకు ఆగలేదు. నాన్న మీద కోపం, నా కన్నతండ్రి మీద, మంచంలో ఉన్నవాడి మీద. "ఒక్క దెబ్బ, ఒక్కటి పడనిచ్చినా నువ్వు అప్పుడే ఆసుపత్రికి వెళ్ళుండేవాడివి మామా! ఆయన మంచితనం నీ కళ్ళు తినేసింది!" అని అరిచేశాను. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆదాం మామ ఆసుపత్రి వాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూచున్నాడు. చిలకలూరిపేట దాటాక అన్నాడు.

"వాడికి తెలియకూడదమ్మాయ్."

"ఏంటి?"

"ఇది జబ్బనీ, ముందే చూపించుకుంటే నిలబడేదనీ. వాడు నాకు వయసనుకున్నాడు, పరువు కాపాడాననుకున్నాడు. మంచంలో పడి కదల్లేనివాడు, ఇది తెలిస్తే ఇంక పగలూ రాత్రీ దాన్నే తల్చుకుంటా పడుంటాడు. బతకడు." గొంతు తగ్గించి, "ఊళ్ళో కూడా వద్దు. ఒకరికి తెలిస్తే సాయంత్రానికల్లా మీ మంచం దగ్గరికొస్తది" అన్నాడు.

"మరి నా చెయ్యి ఎందుకిరిగిందని చెప్పాలి?"

ఆయన చెప్పాల్సిన పని లేదు, నేనే చావిడి ముందు చెప్పేసి ఉన్నానుగా. కానీ అప్పుడు నోరు జారి అన్నమాట వేరు, జన్మంతా మొయ్యడం వేరు. నేను ఇంత నేర్చుకున్నదాన్ని, ఒక్క వాటు తప్పనిదాన్ని! కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆయనకి కనపడదులే అనుకుని ఏడ్చాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా ఏడుపొచ్చింది.

బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాం. గుమ్మం దగ్గర ఆయన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "చుక్కల దెబ్బకి అంతా తెల్లగా పొగలా ఉందమ్మాయ్, మంచం దాకా తీసికెళ్ళు" అన్నాడు నెమ్మదిగా. నేను ఎడం చెయ్యిచ్చి తీసికెళ్ళి పట్టె మీద కూచోబెట్టాను.

నాన్న ఎదురు చూస్తున్నట్టున్నాడు. పండగ రోజు నుంచీ సరిగ్గా అన్నం తినట్లేదు. మమ్మల్ని చూడగానే ఎడం చెయ్యి లేపి తన కన్ను తాకాడు, ఆదాం మామ వైపు చూపించాడు. మళ్ళీ కన్ను, మళ్ళీ ఆదాం మామ.

"నీ కళ్ళ గురించి అడుగుతున్నాడు మామా" అన్నాను.

"నా కళ్ళా? ఓరి నీ పాసుగాల! నా కళ్ళకేమైందిరా?" ఆదాం మామ పెద్దగా నవ్వాడు. అంత బాగా అబద్ధమాడతాడని నాకు తెలియదు. "డాక్టరమ్మ చూసి శుభ్రంగా ఉన్నాయంది. వయసుకి కాస్త మసకంట, అంతే. నువ్వేం పెట్టుకోకు. పండగనాడు నేను బానే చూశా. నీ కూతురే, ఏవో ఫోను తిరుగుళ్ళు తిరగబోయి వచ్చి కర్ర కింద పడింది."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నోరు తెరవబోయింది. నేను చూసిన చూపుకి మళ్ళీ మూసుకుని లోపలికి పోయింది.

నాన్న ఊపిరి ఒక్కసారి పెద్దగా వదిలాడు. భుజాలు దిగాయి. ఇన్ని రోజుల బరువు దిగిపోయినట్టుగా ఆ మొహం తేటపడింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు. నిజమేనా అని అడుగుతున్నాడు.

"అవును నాన్నా. నేనే తప్పాను. నాకు సరిగ్గా రాలేదు" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. మా తాత నాటి కర్ర, ఇప్పుడు ఇలియాస్ ఇంటికి పోయిన ముందు కర్ర, ఊరి ముందు పోయిన పరువు, అన్నీ ఉన్నాయి ఆ చూపులో. ఎడం చేత్తో దుప్పటి లాక్కుని, చేతనైనంత మేర ఒళ్ళు తిప్పి, గోడ వైపు మొహం పెట్టేసుకున్నాడు.

ఆదాం మామ ఆ తెల్లటి పొగలోంచి మంచం వైపు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఏం కనపడట్లేదాయనకి.

"అమ్మాయ్, నవ్వాడా?" అన్నాడు ఆశగా.

"నవ్వాడు మామా" అన్నాను.